ఎక్కడం సరే, దిగడం వచ్చా?

ప్రశ్న: అన్నా, నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మా కాలేజీ అడ్వెంచర్ క్లబ్ వాళ్లు భువనగిరి గుట్ట దగ్గర పెట్టిన క్యాంపుకి రెండుసార్లు వెళ్లాను. టాప్‌రోప్ మీద, అంటే పైన ముందే కట్టి వేలాడదీసిన తాడుతో, బాగానే ఎక్కుతున్నా, బిలే కూడా చేస్తా, అంటే కింద నిలబడి ఎక్కేవాడి తాడు పట్టుకుంటా. ఇప్పుడు నలుగురం డబ్బులు వేసుకుని తాడు, సామాను కొనుక్కుని ఆదివారాలు సొంతంగా వెళ్దామనుకుంటున్నాం. ఒక సీనియర్ వీడియోలు చూసి లీడ్ క్లైంబింగ్ (పైన తాడు లేకుండా, దారిలో బోల్టులకు తాడు తగిలించుకుంటూ ఎక్కడం) నేర్చుకున్నాడు, మాకూ నేర్పిస్తానంటున్నాడు. ఏమేం కొనాలి?

జవాబు: కొనే సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ఆ క్యాంపులో పైన యాంకర్, అంటే తాడుని బండకి పట్టి ఉంచే కట్టు, ఎవరు కట్టారో చూశావా? చూసి ఉండవు. మీ బస్సు వచ్చేసరికే తాడు వేలాడుతూ ఉంటుంది, హెల్మెట్లు వరసగా పేర్చి ఉంటాయి, నీ ముడి ఇంకొకరు లాగి చూస్తారు. నీ వంతు ఎక్కడం ఒక్కటే. సొంతంగా వెళ్తే ఇవన్నీ నీ నెత్తిన పడతాయి, అసలు క్లైంబింగ్‌లో మొదటి మెట్టు దాటడమంటే ఇదే, చేతుల్లో బలం పెరగడం దీని తర్వాతి మాట.

యాంకర్‌తో మొదలుపెట్టు. బండలో దిగ్గొట్టిన రెండు బోల్టులకు స్లింగ్ (గట్టి పట్టీ) వేసి మధ్యలో తాడు వేలాడదీస్తే బరువు చెరిసగం పడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అది స్లింగ్ చేసే కోణాన్ని బట్టి ఉంటుంది. నీళ్ల బకెట్ ఇద్దరు పట్టుకుని నడుస్తూ ఒకరికొకరు దూరం జరిగితే చేతులు లాగేస్తాయి చూడు, అలాగే. 80 కిలోల బరువు వేలాడితే 60 డిగ్రీల కోణంలో ఒక్కో బోల్టు మీద 46 కిలోలు పడతాయి, 120 డిగ్రీలైతే ఒక్కోదాని మీదా పూర్తి 80, ఇంకా పరిచి 150 చేస్తే 150 కిలోలు దాటుతుంది. పైగా టాప్‌రోప్‌లో యాంకర్ మీద ఎక్కేవాడి బరువొక్కటే కాదు, కింద బిలే చేసేవాడి లాగుడూ కలిసి రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. అందుకే కోణం 60 లోపే ఉంచు, ఒక బోల్టు ఊడినా రెండోది పట్టుకునేలా కట్టు. తాడును నేరుగా స్లింగ్‌లోంచి దూర్చి మనిషిని దింపొద్దు, నైలాన్ మీద నైలాన్ రాసుకుంటే ఆ వేడికే కరిగి తెగుతుంది. మధ్యలో లాక్ ఉన్న కారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఉండాలి.

తర్వాత దిగడం. ఎక్కేటప్పుడు అందరికీ ఒళ్లంతా కళ్లే, పైకి చేరి ఫొటో దిగాక బుర్ర సెలవు తీసుకుంటుంది. 60 మీటర్ల తాడుతో 30 మీటర్లకు మించిన ఎత్తు నుంచి మనిషిని దింపలేవు, తాడు పైదాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కదా. ఈ లెక్క మర్చిపోతే తాడు కొస, కిందివాడు తాడుని ఆపే బిలే పరికరంలోంచి జారిపోతుంది, ఆ పైన చెప్పేదేముంది. కొసకి ఒక్క ముడి వేస్తే అది జరగదు. రాపెల్ చేసేటప్పుడైతే, అంటే నీ అంతట నువ్వే తాడు మీద జారుతూ దిగేటప్పుడు, రెండు కొసలకీ వెయ్యి. పరికరం కింద సన్నతాడుతో ప్రూసిక్ లాంటి ముడి కూడా వేసుకుంటే చెయ్యి వదిలేసినా అది పట్టుకుంటుంది. ఇదంతా నేల మీద నిలబడి, విసుగొచ్చేదాకా చెయ్యి.

ముడి చూసుకోవడం కొత్తవాళ్ల పని అనుకుంటే లిన్ హిల్ సంగతి విను. ప్రపంచంలో పేరున్న క్లైంబర్. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ దగ్గర నడుముకి తాడు ముడి పూర్తిగా వేసుకోకుండానే ఎక్కేసింది. పైకి వెళ్లి తాడు మీద వాలగానే 70 అడుగులకు పైగా కింద పడింది, చెట్టు కొమ్మలు అడ్డొచ్చి బతికింది. కాబట్టి ప్రతిసారీ నీ ముడి నీ జోడీవాడు చూడాలి, వాడి పరికరం, లాక్ నువ్వు చూడాలి, కళ్లతోనే కాదు, చేత్తో లాగి. ముడి వేసేవాడితో మాట్లాడొద్దని మావాళ్లకి చెబితే నన్ను చాదస్తం అంటారు. అననీ.

లీడ్ విషయానికొస్తే మీ సీనియర్ మంచివాడే కావచ్చు గానీ, వీడియో అతని తప్పు పట్టుకోలేదు కదా. ఆఖరి బోల్టుకి రెండు మీటర్లు పైన ఉండి జారితే నాలుగు మీటర్లు పడతావు, తాడు సాగడం అదనం. కింద మెట్టు లాంటి బండ ఉంటే దాని మీదే పడతావు. తాడు కాలి వెనక ఉంటే తలకిందులవుతావు. క్విక్‌డ్రాలోకి (తాడుని బోల్టుకి తగిలించే, రెండు కొసలా కారబినర్లున్న పట్టీ) తాడు బండ వైపు నుంచి వచ్చి నీ వైపు బయటికి రావాలి, తిరగేసి పెడితే పడ్డప్పుడు ఊడిపోవచ్చు. ఈ అలవాట్లు పడేదాకా పైన టాప్‌రోప్ కూడా ఉంచుకుని, రెండో తాడుతో ఉత్తుత్తి లీడ్ చెయ్యండి, అదీ నేర్పడం వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా.

ఇక సామాను. ముందు హెల్మెట్, క్లైంబింగ్‌కి చేసినదే, బైక్‌ది కాదు. తాడు డైనమిక్, అంటే పడ్డప్పుడు సాగేది, కావాలి, హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు చేంతాడుకి పనికొస్తుంది, మనిషికి కాదు. తాడు, హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టే పట్టీలు), స్లింగులు సెకండ్‌హ్యాండ్‌వి వద్దు, వాటి చరిత్ర నీకు తెలీదు. యాంకర్ సామాను ఇప్పుడే కొనకండి, ఈ ఏడాది క్లబ్‌తోనే వెళ్తూ ఇన్‌స్ట్రక్టర్ యాంకర్ కట్టేటప్పుడు పక్కన నిలబడి నేర్చుకోండి.

మన గ్రానైటు ఉల్లిపొరల్లా ఊడుతుంది, పిడికిలితో కొడితే బోలుగా మోగే పొరని నమ్మకు. వెళ్లేముందు ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లని తేనెతుట్టెలు ఎక్కడున్నాయో అడుగు. తాడు మీద వేలాడుతుండగా తేనెటీగలు లేస్తే పరిగెత్తడానికి చోటుండదు.

ప్రశ్న: నేను 47 కిలోలు, నా క్లైంబింగ్ పార్ట్‌నర్ 76. తను జారినప్పుడల్లా నేను గాల్లోకి లేస్తున్నాను. అందరూ నవ్వుతున్నారు. నేను బిలే మానేయాలా?

జవాబు: మానేయకు చెల్లీ, నవ్వేవాళ్లని ఓసారి నీ బదులు నిలబడమను. టాప్‌రోప్‌లో దీనికి తేలికైన ఉపాయం ఉంది. నీ హార్నెస్ నుంచి వెనక, కింద ఉన్న గట్టి చెట్టు మొదలుకో కదలని పెద్ద గుండుకో స్లింగ్ వేసుకో, అది పెద్దగా వదులు లేకుండా, తాడు లాగే దిక్కుకు తిన్నగా ఉండాలి, లేకపోతే పక్కకి ఈడ్చేస్తుంది. లీడ్‌లో మాత్రం జాగ్రత్త. నువ్వు ఎగిరి బండకి గుద్దుకోవచ్చు, మొదటి క్విక్‌డ్రా దాకా వెళ్లి చెయ్యి నలగొచ్చు, ఆ కంగారులో బ్రేక్ చెయ్యి, అంటే తాడుని ఆపి పట్టుకున్న చెయ్యి, వదిలేస్తే తన పని అయిపోయినట్టే. అందుకని లీడ్ బిలే ముందు నీ బరువుకి దగ్గరున్న వాళ్లతో నేర్చుకో. తాడులో రాపిడి పెంచి బరువు తేడా తగ్గించే పరికరాలు కూడా వస్తున్నాయి. బండకి దగ్గరగా నిలబడు, హెల్మెట్ నువ్వూ పెట్టుకో, పైనుంచి రాలే రాయి బిలే చేసేవాళ్ల మీదే పడుతుంది.

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి కాలేజీ వాళ్లు కొండలెక్కే క్యాంపుకి సంతకం పెట్టమని ఫారం పంపారు. పెట్టాలంటే భయం, వద్దంటే వాడు అలుగుతున్నాడు.

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. మన గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి బండల మీదే, నేర్పేవాళ్లుంటే పిల్లలు చక్కగా నేర్చుకుంటారు. అయితే సంతకానికి ముందు కాలేజీకి ఫోన్ చేసి, తాళ్లు కట్టేది ఎవరు, వాళ్లు ఎక్కడ శిక్షణ పొందారు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది పిల్లలు, వాన పడితే ఆపేస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే పెట్టకండి. 108 అంబులెన్స్ ఎక్కడిదాకా రాగలదో కూడా అడగండి, చాలా గుట్టల దగ్గర రోడ్డు దూరంగా ఆగిపోతుంది. ఫారంలో మీ నంబరుతో పాటు హైదరాబాద్‌లో ఉన్న చుట్టాల నంబరు కూడా రాయండి, మీరు ఖమ్మం నుంచి బయల్దేరి వచ్చేసరికి గంటలు పడుతుంది.