మాస్టారికి సమన్లు

అమ్మలూ,

రాజాం భూమి దావాలో మాస్టారిని కూడా ప్రతివాదిగా చేరుస్తున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల కోర్టు వ్యవహారం తలకెత్తుకుందంటే గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. "ముందు ఒకసారి ఆయనతో మాట్లాడతాను, నాన్నకి చదువు చెప్పిన మనిషి" అన్నావట. నా టెన్షనంతా ఆ మాటతోనే.

మాట్లాడు, వద్దనను. ఆయన్ని చేర్చే పిటిషన్ పడి, సమన్లు అందాక మాట్లాడు.

దున్నుతున్నవాడు "నేను కౌలుదారుణ్ణి, భూమి మాస్టారిది" అని కోర్టుకి రాసిచ్చాక, ఆయన లేకుండా హక్కు ఎలా తేలుతుంది? సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10 కింద, దావా ఏ దశలో ఉన్నా కావలసిన మనిషిని కోర్టు చేర్చవచ్చు. ఆయన సంగతి నీకెప్పుడు తెలిసిందో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయించు. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), 1బీ (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) జతచెయ్యి. రాజాం 2022లోనే మన విజయనగరం జిల్లాలో కలిసింది, పాత దస్తావేజుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. షెడ్యూల్, అంటే దావాలో భూమి వివరాల పట్టిక, రాసేటప్పుడు మీ వకీలుని చూసుకోమను.

నా సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. 1994లో గోగు చేను గురించి పక్క రైతు మీద దావా వేశాను. అతను అందులో సగం అప్పటికి మూడేళ్ల ముందే అమ్మేశాడు. కొన్నది ఎవరో కాదు, ఏటా సిరిమానుకి వచ్చి మా అరుగు మీద పడుకునే మనిషి. వకీలు గారు చేర్చమన్నారు. "మా ఇంట్లో అన్నం తిన్నవాడికి సమన్లు పంపమంటారా?" అని కోపం చేశాను. మీ పెద్దమ్మ కూడా చేర్చమనే అంది. వినలేదు. తొమ్మిదేళ్లకి నా వైపే డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వచ్చింది, స్వీట్లు పంచాను. స్వాధీనం ఇప్పించే కోర్టు అమీనాతో చేలోకి వెళితే ఆ కొన్న మనిషి గట్టు మీద దస్తావేజు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేను దావాలో లేను కదా బావా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఆ డిక్రీ అతనికి వర్తించదని కోర్టూ అంది. కొత్తగా అతని మీద దావా వేద్దామంటే, అతను ఆ భూమిలోకి వచ్చి అప్పటికే పన్నెండేళ్ల గడువు దాటిపోయింది. చేను పోయింది. అరుగు మీదకి అతనూ మళ్లీ రాలేదు. మొహమాటంతో ఏం మిగుల్చుకున్నానో నువ్వే చెప్పు.

తర్వాత చేర్చిన మనిషి మీద దావా, మామూలుగా చేర్చిన రోజు నుంచే వేసినట్టు లెక్క. అందుకే ఒక్క వాయిదా కూడా వదలొద్దంటున్నాను. పిటిషన్ అలౌ అయిందని ఇంటికొచ్చి పడుకోకు, మొద్దూ. ప్లెయింట్, అంటే దావా పత్రం, సవరించి దాఖలు చెయ్యాలి, ఆయనకి సమన్లు అందాలి. పేరు చేరిస్తే చాలదు, భూమి మీద హక్కు నీదేనని కోర్టు ప్రకటించాలని ఆయన మీద కూడా కోరాలి.

మాస్టారు పెద్దవారు. దావా నడుస్తుండగా ఏమైనా అయితే తొంభై రోజుల్లోపు వారసుల్ని, పెళ్లయి వెళ్లిన కూతుళ్లతో సహా, రికార్డు మీదకి తేవాలి. అనకూడని మాటే, అయినా అంటున్నాను.

సమన్లు అందాక మీ నాన్నని తీసుకుని వాళ్లింటికి వెళ్లు. పళ్లు పట్టుకెళ్లు. తిడితే పడు.

ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని విజయనగరం రా. జిరాక్సులు కాదు, అసలువి. పెద్దమ్మ చోడంబలి కాస్తానంటోంది.

మీ పెదనాన్న