స్పీడ్ బోటులో సీటు బెల్టు ఉంటే మంచిదేనా?

"కారులో బెల్టు పెట్టుకోకపోతే ఫైన్ వేస్తారు. గంటకు వంద కిలోమీటర్లు పోయే బోటులో మాత్రం బెల్టే ఉండదు. ఇదేం లెక్క?" అని ఒకరు నన్ను అడిగారు. ఒకప్పుడు నాకూ ఇదే డౌటు. నీళ్లలో తలకిందులుగా బెల్టుకు వేలాడాక తీరింది.

కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో ఆఫ్‌షోర్ రిగ్ మీద, అంటే సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే వేదిక మీద, కొన్నేళ్లు పనిచేశాను. రిగ్‌కు హెలికాప్టర్‌లో పోవాలి కాబట్టి ముందు హ్యూయెట్ అనే ట్రైనింగ్ పాసవ్వాలి. హెలికాప్టర్ సముద్రంలో పడితే అందులోంచి ఎలా బయటపడాలో నేర్పుతారు. స్విమ్మింగ్ పూల్ మీద క్రేన్‌కు హెలికాప్టర్ క్యాబిన్ లాంటి డబ్బా వేలాడుతుంటుంది. మనల్ని అందులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, నీళ్లలోకి దించి తిరగేస్తారు.

మొదటిసారి తిరగేసినప్పుడు ముక్కులోకి నీళ్లు జివ్వున ఎక్కాయి. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. భయంతో ముందు చేసిన పని, బెల్టు విప్పేసుకోవడం. అంతే, ఒళ్లు తేలిపోయి తల ఎక్కడో కొట్టుకుంది. అప్పటిదాకా నా కుడిచేతి పక్కనే ఉన్న కిటికీ కనిపించలేదు. డైవర్ చొక్కా పట్టుకుని బయటికి లాగాడు.

పైకొచ్చాక ఇన్‌స్ట్రక్టర్ తిట్టలేదు కానీ, చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఒక చెయ్యి కిటికీ అంచు మీద, ఇంకో చెయ్యి బకిల్ మీద. డబ్బా కదలడం ఆగేదాకా ఆగాలి. ముందు కిటికీ తొయ్యాలి, ఆ తర్వాతే బెల్టు విప్పాలి. బెల్టు మనల్ని సీటుకు పట్టి ఉంచితేనే కిటికీని తొయ్యడానికి ఆనిక దొరుకుతుంది. లేకపోతే మనం తోసినకొద్దీ మనమే వెనక్కి పోతాం. రెండోసారి అలాగే చేశాను. మహా అయితే పదిహేను సెకన్లు పట్టిందేమో, నాకు మాత్రం పావుగంట అనిపించింది.

అక్కడ బెల్టు పనికొచ్చిందంటే రెండు కారణాలున్నాయి. చుట్టూ గట్టి క్యాబిన్ ఉంది. బయటికి వచ్చే దారి నాకు ముందే తెలుసు. బీచ్‌లో తిరిగే ఓపెన్ స్పీడ్ బోటులో ఈ రెండూ లేవు. టాపు లేదు, పక్కన కడ్డీలు లేవు. అది బోర్లా పడితే బెల్టు కట్టుకున్నవాడి తల నీళ్లలోకి, బోటు వాడి మీదికి. లైఫ్ జాకెట్ వేసుకుని ఎగిరి అవతల పడ్డవాడు దెబ్బలు తగిలినా తేలుతూ ఉంటాడు. బెల్టుతో ఇరుక్కున్నవాడికి ఆ లైఫ్ జాకెట్ కూడా శత్రువే, పైకి తేల్చి బోటు అడుగుకే అదిమి పెడుతుంది.

రేసు బోట్ల వాళ్లు కూడా చాలాకాలం ఇదే లెక్కతో ఉన్నారు. అమెరికా హైడ్రోప్లేన్ రేసుల్లో డ్రైవర్లు ఓపెన్ కాక్‌పిట్‌లో కూర్చునేవారు, బోటు పల్టీ కొడితే బయట పడటమే మేలనుకునేవారు. కానీ స్పీడు పెరిగేకొద్దీ ఆ లెక్క తప్పింది. ఈ బోట్లు నీళ్లను అంటీ అంటకుండా గాలి మీదే పరిగెడతాయి, ముక్కు కొంచెం లేచి కిందికి గాలి దూరిందంటే వెనక్కి పల్టీయే. 1981లో మెక్సికోలోని అకాపుల్కోలో బిల్ మన్సీ, మరుసటి ఏడాది కొలంబియా నదిలో డీన్ చెనోవెత్ అలాగే పోయారు. ఇద్దరూ ఆ రేసుల్లో మహామహులు. అంత స్పీడులో నీళ్ల మీద పడటమంటే గచ్చు మీద పడటమే. ఆ తర్వాత 1980ల మధ్యలో ఎఫ్-16 యుద్ధ విమానం కనోపీలు, అంటే పైలట్ మీద ఉండే గాజులాంటి మూతలు, తెచ్చి కాక్‌పిట్‌ను మూసేశారు. డ్రైవర్‌ను బెల్టులతో బిగించడం అప్పుడు అర్థవంతమైంది.

2018 నవంబర్‌లో ఎఫ్1 హెచ్2ఓ అనే పవర్ బోట్ల రేసు మన విజయవాడకే వచ్చింది, కృష్ణా నదిలో, ప్రకాశం బ్యారేజీకి ఎగువన. ఎండలో గట్టున నిలబడి చూశాను. సుమారు 400 కిలోల బోటుకు 400 హార్స్ పవర్ ఇంజన్, గంటకు 200 కిలోమీటర్లకు పైనే. ఆ మోతకు పక్కన మనిషి మాట వినపడలేదు. ఆ డ్రైవర్లందరికీ బెల్టులున్నాయి, కానీ వాళ్లు కూర్చునేది బోటు ముక్కలైనా నిలిచే సేఫ్టీ సెల్‌లో. గుద్దుకున్నప్పుడు తల విసురుగా ఊగి మెడ విరగకుండా హాన్స్ అనే పరికరం. పైగా తిరగబడ్డ కాక్‌పిట్‌లోంచి బయటపడే టర్టిల్ టెస్టు పాసవ్వాలి. ఆ మాట విన్నప్పుడు నాకు మా పూల్ గుర్తొచ్చి ముక్కు మండింది.

ఇక మామూలు జనం ఎక్కే బోట్ల విషయం. అక్కడ నడుము విరిగే దెబ్బ కిందనుంచి పైకి వస్తుంది. బోటు అల మీద లేచి దబ్బున పడుతుంది చూడండి, అదన్నమాట. దానికి బెల్టు ఏమీ చెయ్యలేదు. ముందు సీట్లు ఎంత సరదాగా ఉన్నా వెనక కూర్చోండి. నడుం నొప్పి ఉన్నవాళ్లు అసలు ఎక్కకపోతేనే నయం.

నన్నడిగితే బెల్టు కన్నా ముందు చూడాల్సింది కిల్ కార్డు. డ్రైవర్ ఒంటికి తగిలించుకునే ఎర్ర స్ప్రింగు తాడు. అతను సీట్లోంచి పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. 2013 మేలో ఇంగ్లండ్‌లోని పాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబం మొత్తం బోటులోంచి నీళ్లలో పడింది. బోటు నడిపేవాళ్లు ఆ తాడు తగిలించుకోలేదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ వచ్చి వాళ్లనే గుద్దింది. తండ్రి, ఎనిమిదేళ్ల కూతురు చనిపోయారు. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు మోటారు బోట్లు నడిపేవాళ్లకు ఈ తాడు తప్పనిసరి చేశారు.

మొన్న సంక్రాంతికి పిల్లలతో బీచ్‌కు వెళితే, బోటులో ఆ ఎర్ర తాడు స్టీరింగ్‌కు చుట్టి ఉంది. ఇదేంటి బాబూ అంటే, "ఊరికే ఊడిపోద్ది సార్, ఇంజన్ ఆగిపోద్ది" అన్నాడు. నువ్వు తగిలించుకునేదాకా మేం ఎక్కం అన్నాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. అతను గొణుక్కుంటూ మోకాలికి కట్టుకున్నాడు. వంద గజాలు పోయామో లేదో, కాలు అటు జరిపాడు, తాడు ఊడింది, ఇంజన్ టక్కున ఆగింది.

"చూశారా సార్!" అన్నాడు.

"చూశాను, బాగానే పనిచేస్తోంది" అన్నాను.