ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు సినిమాల్లో నిలబడగలరా?

మీ తమ్ముడు జిల్లా స్థాయిలో ఫుట్‌బాల్ ఆడి ఇప్పుడు సినిమాలంటున్నాడని, ఇట్లా ఆటగాళ్ళెవరైనా నటులయ్యారా అని అడిగారు. అయ్యారు. నాకు మొదట గుర్తొచ్చేది కేరళ ఫుట్‌బాలర్ ఐ.ఎం. విజయన్.

మాది నల్లగొండ. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రాలు ఆడేవాళ్ళం. క్రికెట్ వాళ్ళు వదిలిపెట్టిన మూలే మా ఫీల్డు. 2006లో విశాల్ ‘పొగరు’ వస్తే అందరం కలిసి పోయాం. అందులో విలన్ వైపు మనుషుల్లో ఒకాయన కనబడగానే మా గోల్‌కీపర్ నా మోచెయ్యి గుంజాడు. "అరేయ్, గాయన విజయన్ రా! ఇండియా టీమ్!" అంతే, ఆ తర్వాత హీరో మాకు కనబడితే ఒట్టు.

త్రిస్సూర్‌లో స్టేడియం దగ్గర సోడాలు అమ్మిన పిల్లగాడు ఆయన. సీసాకు పది పైసలు. పదిహేడేళ్ళకే కేరళ పోలీస్ జట్టులోకి తీసుకున్నారు. తర్వాత కోల్‌కతా పోతే అక్కడి జనం ‘కాలో హరిన్’ అన్నారు, అంటే నల్లజింక. 1999లో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టాడు. సినిమా కూడా ఆట మానేశాక పట్టుకున్నది కాదు. మలయాళంలో జయరాజ్ తీసిన ‘శాంతం’లో నటించేనాటికి ఇంకా ఆడుతూనే ఉన్నాడు. ఆ సినిమాకు ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో ఫైటింగులు చేసే రౌడీ కాదు, స్నేహితుణ్ణి చంపి ఆ పాపం మోసే మనిషి. అదెంత కష్టమో నాకు తర్వాత తెలిసింది.

మా బావమరిది పానగల్లులో షార్ట్ ఫిల్మ్ తీస్తూ, "నువ్వు ఆటగాడివి కదా బావా, నువ్వే చెయ్యి" అన్నాడు. చెరువు కట్ట మీద ఉరికే షాటు ఒక్క టేకులో ఓకే. తర్వాత గుడి ముందర నిలబడి, తండ్రి పోయిండని ఫోన్‌లో వినాలి. అక్కడ దొరికిపోయాను. ఫుట్‌బాల్‌లో చేతులకు పనే ఉండదు. కెమెరా ముందుకొచ్చేసరికి ఫోన్ పట్టుకోని ఆ రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తోచలేదు. జేబులో పెట్టాను, తీశాను, నడుం మీద వేశాను. పదకొండు టేకులు. మావాడు మొహం తిప్పుకొని నవ్వుతున్నాడు.

అందుకే మీ తమ్ముణ్ణి ఆట ఆపొద్దని చెప్పండి. ఉరకడం, పడడం, దెబ్బ తిని లేవడం అతనికి ఎట్లాగూ వచ్చు, ఫైట్లలో అవకాశాలు దొరకొచ్చు. కానీ నాటకాల వాళ్ళ దగ్గర కొన్నాళ్ళు ఊరికే నిలబడడం నేర్చుకొమ్మనండి. విజయన్ కూడా ఆట వదలకుండానే సినిమాల్లోకి వచ్చాడు, అది కూడా చెప్పండి.

మా షార్ట్ ఫిల్మ్ అంటారా, ఎడిటింగ్ అయ్యాక చూస్తే ఆ సీన్‌లో నా పాదాలు మాత్రమే ఉన్నాయి.