సందేహాలు – సమాధానాలు: రహస్యమా, మర్మమా?

సందేహం: మనుషులు మసలని చోట మూడంతస్తుల పాత బంగళా. తుపాను రాత్రి. దారులు మూసుకుపోయాయి, లోపల ఒక శవం. ఇలాంటి నవలకు 'బంగళా రహస్యం' అని పేరు పెట్టాలా, 'బంగళా మర్మం' అనాలా? 'మిస్టరీ' అన్నా ఫరవాలేదా? – ఒక పాఠకురాలు

సమాధానం: 'రహస్యం' అన్న మాట ఎదురైతే పలకరించకుండా వెళ్ళడం నా వల్ల కాదు. దీనికి మూలం 'రహస్సు'. అంటే ఏకాంతం, జనం లేని తావు. అమరకోశ నిఘంటువు రాసిన అమరసింహుడు వివిక్తం, విజనం, ఛన్నం అంటూ దాని పర్యాయపదాలు చెప్పి, 'రహస్యం తద్భవే' అన్నాడు. అక్కడ పుట్టినది రహస్యం. మీ ఒంటరి భవనం ఆ మాటలోనే ఉందన్నమాట! నలుగురూ తిరిగే వీధిలో గుట్టు ఉండవచ్చు, వ్యుత్పత్తి ప్రకారం రహస్యం ఉండదు.

ఈ సంగతి తిక్కనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా పట్టుదల. విరాటపర్వంలో కీచకుడు చచ్చే చోటు చూడండి. నర్తనశాల పగలు కన్యలు ఆడే చోటు, రాత్రి నిర్మానుష్యం. చీకటి, ఒక పాన్పు, దానిమీద ఆడది కాని ఆకారం. కావలివాళ్ళు వచ్చేసరికి మిగిలింది మాంసపు ముద్ద. చంపినవాళ్ళు గంధర్వులట! 'గంధర్వుల్ మానముఁ బ్రాణముం గొనుట తథ్యంబు' అని ద్రౌపది ముందే హెచ్చరించింది కనుక ఊరంతా నమ్మింది. అసలు హంతకుడు వంటశాలలో ఉన్నాడు. అపరాధ పరిశోధన నవలలు ఇంటి నౌకరును అనుమానించడం ఈమధ్య నేర్చాయి. తిక్కన పదమూడో శతాబ్దంలోనే వంటవాణ్ణి పెట్టాడు. అయితే పాఠకుడికి అంతా ముందే తెలుసు. అది విరాటుడి కొలువుకే రహస్యం, మనకు కాదు.

'మర్మం' అంటే దెబ్బ తగిలితే ప్రాణం పోయే చోటు. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు శరీరంలో అలాంటివి 107 లెక్కపెట్టాడు. కాబట్టి ఒంటరి ఇల్లే మీ కథకు కేంద్రమైతే రహస్యం, చంపిన తీరే ముఖ్యమైతే మర్మం. నా మొగ్గు మొదటిదాని వైపు. రెండోది పెట్టినా తప్పుపట్టను.

'మిస్టరీ' గ్రీకు మూలంనుంచి వచ్చి మనలో కుదురుకుంది, ఉండనివ్వండి. కాని 'మిస్టరీ వీడింది' అనకండి. ముడి వీడుతుంది, చిక్కు వీడుతుంది, మిస్టరీ తేలుతుంది. ఇక బంగళా అంటే మొదట బెంగాలు తరహా ఒంటి అంతస్తు ఇల్లు. మీ మూడంతస్తులదాన్ని మేడ అంటే దయ్యాలేమీ అలగవు.

అడగని మాట ఒకటి. ఈ నవలల్లో చచ్చినవాడు ఎప్పుడూ 'హత్య గావించబడతాడు'. హంతకుడి పేరు చివరిదాకా దాచాలి కనుక ఈ 'బడు' తప్పదని రచయితల వాదన. 'ఎవరో చంపారు' అంటే ఎవరి పేరు బయటపడిందట?