ఉద్యోగం పోయింది, వసూలు ఫోన్లు ఆగడం లేదు

ప్రశ్న: ఉద్యోగం పోయి రెండు నెలలైంది. పర్సనల్ లోన్ రెండు వాయిదాలు, క్రెడిట్ కార్డు బిల్లు ఆగిపోయాయి. రోజుకు పదిహేను ఇరవై ఫోన్లు. ఎత్తితే తిడుతున్నారు, ఎత్తకపోతే ఇంకో నంబరు నుంచి చేస్తున్నారు. ఎలా తట్టుకోవాలి?

జవాబు: ముందు ఈ వ్యవహారాన్ని ఫోను మీద నుంచి కాగితం మీదికి మార్చండి. ఫోన్ చేసే వ్యక్తికి మీ వాయిదా తగ్గించే అధికారం గానీ, గడువు పెంచే అధికారం గానీ దాదాపుగా ఉండదు. ఆ పూటకు మీ నోటి నుంచి ఒక తేదీ రాబట్టడమే అతని పని. విసుగొచ్చి ‘పదో తారీకు కడతాను’ అంటే అది మీ మాటగా కంప్యూటర్లో ఎక్కుతుంది. ఆ తేదీ దాటిందంటే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చేతిలో డబ్బు లేనప్పుడు తేదీ చెప్పకండి. ‘ఉద్యోగం లేదు, ఈ తేదీన బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేశాను, జవాబు అక్కడి నుంచే రావాలి’ అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. ఎన్ని ఫోన్లు వచ్చినా అదే మాట. పూర్తిగా ఎత్తడం మానేస్తే మాత్రం ‘తప్పించుకు తిరుగుతున్నారు’ అని రాసుకుని ఇంటికి మనిషిని పంపుతారు.

ఇక ఆ ఉత్తరం సంగతి. అప్పిచ్చిన సంస్థ వెబ్‌సైట్లో ఫిర్యాదుల అధికారి పేరు, ఈమెయిల్ ఉంటాయి. లోన్ ఒప్పంద పత్రంలోనూ చూడొచ్చు. ఆ ఈమెయిల్‌కు రాయండి. అచ్చు కాపీ మీద బ్రాంచిలో ముద్ర వేయించుకుంటే ఇంకా మంచిది. ఇంత చాలు:

‘నా లోన్ ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన నా ఉద్యోగం పోయింది, రిలీవింగ్ లెటర్ జతపరిచాను. ప్రస్తుతం నాకు ఆదాయం లేదు. బాకీ ఎగవేసే ఉద్దేశం లేదు. వాయిదా తగ్గించి గడువు పెంచమని కోరుతున్నాను. ఇప్పటికి నెలకు ఇంత కట్టగలను. నాతో ఈమెయిల్ ద్వారా గానీ, ఈ ఒక్క నంబరుకు ఫలానా వేళల్లో గానీ మాట్లాడండి. నా బాకీ వసూలుకు మీరు నియమించిన ఏజెన్సీ పేరు తెలియజేయండి.’

‘ఇంత’ అన్నచోట అంకె వేసేముందు లెక్క చూసుకోండి. చేతిలో ఉన్న మొత్తంలోంచి ఆరు నెలల అద్దె, సరుకులు, మందులు, పిల్లల ఫీజులు పక్కన పెట్టాక మిగిలేదే అప్పులకు. ఏమీ మిగలకపోతే మొహమాటపడకుండా సున్నా అనే రాయండి. రెండు వేలు కడతానని రాసి రెండో నెలకే తప్పితే, మూడోసారి మీ మాట ఎవరూ నమ్మరు.

మీకు రెండు నెలలైంది కాబట్టి ఇది ఈ వారంలోనే జరగాలి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ఆ లోపయితే గడువు పెంచడం బ్యాంకుకు తేలిక. కార్డు బాకీని వాయిదాలుగా మార్చమని విడిగా అడగండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే, అంటే ఏడాదికి 36 శాతం దాటుతుంది. కనీస మొత్తం కడుతూ పోతే అసలు దాదాపు కదలదు.

ఈలోగా రెండు పొరపాట్లు జరగకుండా చూసుకోండి. ఖాతాలో డబ్బు లేకుండా ఆటో డెబిట్ వచ్చిన ప్రతిసారీ అటు అప్పిచ్చినవారు, ఇటు మీ బ్యాంకు విడివిడిగా బౌన్స్ ఛార్జీ వేస్తారు. మళ్లీ మళ్లీ ప్రయత్నించవద్దని అదే ఉత్తరంలో కోరండి. రెండోది, అప్పున్న బ్యాంకులోనే మీ సేవింగ్స్ ఖాతా ఉంటే అందులోని డబ్బును బాకీకి సర్దుకునే హక్కు ఆ బ్యాంకుకు ఉంటుంది. ఇల్లు గడవడానికి ఉంచుకున్న సొమ్ము వేరే బ్యాంకులో ఉంచండి. పీఎఫ్ ఖాతాలోని మొత్తాన్ని ఇలాంటి అప్పుల కోసం కోర్టు కూడా జప్తు చేయలేదు. దాన్ని తీసి పర్సనల్ లోన్‌కు కట్టేయమని ఫోన్లో ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇంకో మాట. లోన్ ఇచ్చినప్పుడు బీమా అంటూ కొంత మినహాయించారేమో కాగితాలు తిరగేయండి. కొన్ని పాలసీల్లో ఉద్యోగం పోతే కొన్ని వాయిదాలు వారే కట్టే నిబంధన ఉంటుంది. సంస్థ తీసేస్తేనే అది వర్తిస్తుంది, మనంతట మనం రాజీనామా చేస్తే సాధారణంగా రాదు.

ప్రశ్న: మా అన్నయ్యకు, పాత ఆఫీసులోని వారికి కూడా ఫోన్ చేసి నా బాకీ సంగతి చెబుతున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చారు. వీళ్లకు హద్దు లేదా?

జవాబు: ఉంది. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. అదేపనిగా ఫోన్లు చేయడం, బెదిరించడం, పేరు చెప్పకుండా మాట్లాడటం, నలుగురిలో పరువు తీయడం, బంధుమిత్రుల జోలికి వెళ్లడం, అబద్ధాలు చెప్పి భయపెట్టడం, అన్నీ నిషేధమే. ఏజెంటు తప్పు చేస్తే జవాబుదారీ అతన్ని పెట్టుకున్న బ్యాంకుదీ, ఫైనాన్స్ సంస్థదీ. ‘ఆ ఏజెన్సీతో మాకు సంబంధం లేదు’ అని బ్రాంచిలో చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి.

మీ అన్నయ్య సహ దరఖాస్తుదారుగానో, ష్యూరిటీగానో సంతకం చేసి ఉండకపోతే ఆయన పైసా కట్టనక్కర్లేదు. సంతకం చేసి ఉంటే మాత్రం కథ వేరు. ష్యూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం, నేరుగా ఆయన్నే అడిగే హక్కు వారికి ఉంటుంది.

ఇంటికి వచ్చిన మనిషిని లోపలికి రానివ్వాల్సిన పని లేదు. గుమ్మం దగ్గరే గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి, ఫొటో తీసుకోండి. అవి లేకపోతే మాట్లాడేది లేదని చెప్పండి. వస్తువులు ఎత్తుకుపోతామంటే ఆ అధికారం వారికి లేదు. కోర్టు ఆదేశం లేకుండా టీవీ, ఫ్రిజ్ ముట్టుకోకూడదు. కదిలేది లేదని భీష్మించుకుంటే 112కు ఫోన్ చేయండి.

ఇప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని ప్రతి ఫోన్‌కూ తేదీ, సమయం, నంబరు, పేరు, అన్న మాట రాయండి. మీరు మాట్లాడే ఫోన్‌ను రికార్డు చేసుకోండి. ఆ ఫైలును వేరేచోటికి కాపీ చేసుకున్నా, ఫోన్లోని అసలుది తుడిచేయకండి. కోర్టులో అసలు పరికరం సంగతి వస్తుంది. అన్నయ్యకు వచ్చిన కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ కూడా తెప్పించుకోండి.

ఇవి జతచేసి సంస్థకు ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆలస్యం చేయకుండా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి, సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో రాయండి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలకు 14448. చాలా ఫిర్యాదులు ఇక్కడే దెబ్బతింటాయి: సంస్థకు ముందు రాయకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే తిరస్కరిస్తారు. అయితే కొడతామన్నా, ఆడవాళ్లను అసభ్యంగా మాట్లాడినా ఈ 30 రోజులు ఆగొద్దు. అది నేరుగా పోలీసు ఫిర్యాదు. నేరపూరిత బెదిరింపు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351 కిందికి వస్తుంది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి మీద అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు కాబట్టి అక్కడా పోలీసులే దారి.

ప్రశ్న: వాట్సాప్‌లో ‘అరెస్ట్ వారెంట్’ పంపారు. రేపు పోలీసులు వస్తారంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. కట్టకూడదనే దురుద్దేశంతో మొదట్లోనే మోసం చేసి తీసుకుంటే తప్ప చీటింగ్ కేసు నిలవదు. నోటీసు పంపాలన్నా పోలీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోర్టు కేసు అని చెబితే ప్రతి కేసుకూ విడిగా ఉండే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) అడగండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే కేసు ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

కానీ దొంగ కాగితాలకు అలవాటుపడి అసలువాటిని కూడా పక్కన పడేయడం ఇంకా పెద్ద ప్రమాదం. పట్టించుకోవలసినవి ఇవి.

చెక్కు బౌన్స్ నోటీసు అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడ మాత్రం సివిల్ అప్పు క్రిమినల్ కేసు అవుతుంది. చెక్కు తిరిగొచ్చిందన్న సమాచారం అందిన 30 రోజుల్లో వారు నోటీసు ఇవ్వాలి. మీకు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆపై నెలలోగా కోర్టుకు వెళ్లొచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. ఆటో డెబిట్ బౌన్స్‌కు కూడా 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద ఇలాంటి కేసే పెట్టొచ్చు. పోస్టులో వచ్చిన నోటీసును తిప్పి పంపితే తప్పించుకున్నట్టు కాదు, అందినట్టే లెక్క. తీసుకుని తేదీ రాసుకుని లాయరు చేత జవాబు ఇప్పించండి. డబ్బు కొరత ఉంటే, కట్టే అప్పుల్లో తాకట్టు ఉన్నవి, చెక్కులు ఇచ్చినవి ముందుకు రావాలనేది ఇందుకే.

తర్వాత సివిల్ కోర్టు సమన్లు. మామూలు దావాలో జవాబు దాఖలుకు 30 రోజులు. బ్యాంకులు తరచూ వేసే సమ్మరీ దావాలో, అంటే త్వరగా తేల్చే దావాలో, హాజరు నమోదు చేసుకోవడానికి 10 రోజులే. దాటితే మీ వాదన వినకుండానే డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, రావచ్చు. మధ్యవర్తిత్వ (ఆర్బిట్రేషన్) నోటీసు కూడా కోర్టుది కాదు కదా అని వదిలేయొద్దు. ఆ తీర్పు డిక్రీలా అమలవుతుంది. మధ్యవర్తిని అప్పిచ్చినవారే ఏకపక్షంగా నియమించి ఉంటే మొదటి జవాబులోనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

లోక్ అదాలత్ నోటీసుకు భయపడక్కర్లేదు. మీరు ఒప్పుకుంటే తప్ప అక్కడ ఏదీ తేలదు. ఒప్పుకుని సంతకం పెడితే మాత్రం అప్పీలు లేదు కాబట్టి కట్టగల అంకె దగ్గరే ఆగండి. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయసేవల సంస్థను 15100లో అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సహాయం ఉంది, మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు.

ప్రశ్న: లోన్ యాప్‌వాళ్లు నా ఫొటో మార్ఫింగ్ చేసి కాంటాక్టులందరికీ పంపుతామంటున్నారు. కట్టేయడం మంచిదా?

జవాబు: బెదిరింపుకు కట్టకండి. ఒకసారి కట్టినవారినే మళ్లీ అడుగుతారు. వెంటనే 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. యాప్ తీసేయడానికి ముందే చాట్లు, యూపీఐ ఐడీలు, లావాదేవీ నంబర్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తీసేశాక అవి దొరకవు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగుల్లో కాంటాక్టుల, ఫొటోల అనుమతి రద్దుచేసి యాప్ తొలగించండి. దగ్గరివారికి మీరే ముందుగా ‘నా పేరుతో మెసేజ్ వస్తే నమ్మకండి, ఫిర్యాదు చేశాను’ అని పంపండి. దాంతో బెదిరింపు బలం సగం పోతుంది.

నియమాల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. గుర్తింపు పొందిన సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో ఉంది. అందులో ఉన్న యాప్ అయితే డబ్బు ఆ బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ ఖాతాకే వెళ్లాలి, ఏజెంటు సొంత యూపీఐకి కాదు.

ప్రశ్న: గ్రూపు లోన్ వాయిదా తప్పితే ఇంటి ముందు కూర్చుంటున్నారు. కూర్చోవచ్చా?

జవాబు: గ్రూపు లోన్లకు వర్తించే మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం మీరు, అప్పిచ్చినవారు ఇద్దరూ ఒప్పుకున్న చోటే వసూలు చేయాలి. వరుసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. ఫోన్లకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత అనుమతి లేదు. మీటింగుకు వెళ్లడం మానకండి. డబ్బు లేకపోయినా వెళ్లి, లేదని చెప్పి, హాజరు రాయించుకోండి. మానేస్తే ఇంటికి వచ్చే వీలు మీరే ఇచ్చినట్టు.

ప్రశ్న: ఐదేళ్ల కిందట ఆగిపోయిన కార్డు బాకీని ఎవరో కొన్నామంటున్నారు. ‘వెయ్యి కట్టండి, కేసు ఆపేస్తాం’ అంటున్నారు.

జవాబు: కట్టడానికి ముందు కాగితం అడగండి: బాకీ బదిలీ అయిన పత్రం, ఖాతా స్టేట్‌మెంటు, చివరి చెల్లింపు తేదీ. మీ వైపు నుంచి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పుల చరిత్ర, తీసి చూడండి. నాలుగు సంస్థలూ, అంటే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి.

ఇలాంటి బాకీకి దావా గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ లోపు మీరు కొంత కట్టినా, బాకీ ఉన్నట్టు సంతకం చేసినా లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు దాటాక కూడా ‘కడతాను’ అని రాసిస్తే ఆ రాత మీదే దావా వేయొచ్చు. ఆ వెయ్యి రూపాయల వెనక అసలు ఉద్దేశం తరచూ ఇదే. తేదీలు లాయరుకు చూపించేదాకా డబ్బు, సంతకం, మెసేజ్‌లో ఒప్పుకోలు, ఏదీ వద్దు.

ప్రశ్న: 40 శాతం కడితే సెటిల్‌మెంట్ చేస్తామంటున్నారు. ఒప్పుకోనా?

జవాబు: ఆ డబ్బు అప్పు చేయకుండా వస్తే, ఇంటి ఖర్చుకు లోటు రాకపోతే ఆలోచించొచ్చు. ఫోన్లో మాట చాలదు. సంస్థ లెటర్‌హెడ్ మీద లోన్ ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, తేదీలు, మిగతాది మాఫీ అనే వాక్యం ఉండాలి. ఆ లెటర్ నిజమైనదో కాదో బ్రాంచిలో గానీ అధికారిక ఈమెయిల్‌లో గానీ నిర్ధారించుకుని, లోన్ ఖాతాకే కట్టండి. ఒక్క వాయిదా తేదీ దాటినా ఒప్పందం రద్దయ్యే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. సెటిల్ చేసిస్తామంటూ నెలనెలా ఫీజు తీసుకునే మధ్యవర్తుల జోలికి వెళ్లకండి. వారు ఫోన్ ఎత్తొద్దంటారు, ఈలోగా నోటీసు గడువులు దాటిపోతాయి.

క్రెడిట్ రిపోర్టులో ఖాతా ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది, కొత్త అప్పు దొరకడం కష్టమవుతుంది. ఉద్యోగం వచ్చాక మిగతాది కట్టి దాన్ని మార్పించుకోవచ్చా అని ఒప్పుకునే ముందే అడగండి. కట్టాక బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, మీరిచ్చిన చెక్కులు వెనక్కి తీసుకోండి. నెల తర్వాత రిపోర్టు తీయండి. పాత బాకీయే కనిపిస్తుంటే దిద్దమని ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలి.