అమ్మడికి, ఇంటి లోను విషయమై మావయ్య రాసేది

అమ్మడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాలకొల్లులో పెంకుటిల్లు తీసేసి, ఆ స్థలంలోనే లోను పెట్టి డాబా కట్టిస్తానన్నావట. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. నాకూ గొంతు పట్టేసింది. వానొస్తే వసారా నిండా గిన్నెలు పెట్టుకుని పెరిగాం మేమిద్దరం. ఆ కప్పు మీ తాతయ్య బాగుచేయించలేకపోయాడు, నా వల్లా కాలేదు. ఇరవయ్యారేళ్లకే నువ్వు చేస్తానంటున్నావు.

అంతలోనే ఇంకో మాట చెప్పింది. అప్పు తీర్చే తీరును బట్టి వేసే మార్కు, అదే సిబిల్ స్కోరు, నీకసలు లేనేలేదని బ్యాంకులో అన్నారనీ, రకరకాల అప్పులుంటే స్కోరు పెరుగుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారనీ, అందుకని ఓ పర్సనల్ లోను, ఈఎంఐ మీద ఫోను, రెండు కార్డులు ఒకేసారి తీసుకోబోతున్నావనీ. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. కోప్పడుతున్నానని అనుకోకుండా చివరిదాకా చదువు.

ఆఫీసులో నీకు చెప్పినదాంట్లో నిజం కొంత ఉంది. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అది లెక్క కట్టేటప్పుడు ఏయే రకం అప్పులున్నాయో కూడా చూస్తారు. ఇంటి లోను, బండి లోను, బంగారం లోను తాకట్టున్న అప్పులు. పర్సనల్ లోను, కార్డు తాకట్టు లేనివి. వాయిదాల మీద కట్టే లోను నరసాపురం రేవులో పంటు లాంటిది. ఈ ఒడ్డున ఎక్కితే ఆ ఒడ్డున దిగుతావు, దారి ముందే తెలుసు. కార్డు చెరువు తూము లాంటిది. ఎంత ఎత్తితే అంత నీరు పోతుంది, మళ్లీ నింపుకోవాల్సింది నువ్వే. ఈ రెండు రకాలూ ఏళ్ల తరబడి సరిగ్గా నడిపినవాళ్లంటే బ్యాంకుకు నమ్మకం. కానీ ఆ లెక్కలో అన్నిటికన్నా బరువైంది, వాయిదా తేదీకి కట్టావా లేదా అన్నదే. అప్పుల రకాలది దాని తర్వాతి మాట. దానికోసం అక్కర్లేని అప్పు చేయడం తప్పు తల్లీ. పైగా తాకట్టు లేని చిన్న అప్పులు వరసగా చేస్తే, డబ్బుకు కటకటగా ఉన్న మనిషిలా కనిపిస్తావు.

నా సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చిట్టా అంతా ఉండే కాగితంలో, అన్ని రకాల అప్పులూ ఉన్నాయి. దాని కథ నీకెవరూ చెప్పలేదు.

2016లో ఉండి దగ్గర నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. లీజుకీ రొయ్యపిల్లకీ చేతిలో డబ్బులు సరిపోయాయి. మేత దగ్గర ఇబ్బందొచ్చింది. డీలరు అరువు ఆపేశాడు. రొయ్య ఆకలికి ఆగదు కదా. ముందు మీ అత్త గొలుసు పెట్టి బంగారం లోను తెచ్చాను. తర్వాత పర్సనల్ లోను. అదీ చాలక రెండు కార్డులు. పట్టుబడి రాగానే అన్నీ ఒక్క దెబ్బతో తీర్చేద్దామనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే తప్పు అక్కడే జరిగింది. చెరువు నాలుగు నెలలకోసారి డబ్బిస్తుంది, అదీ ఇస్తేనే. కార్డు బిల్లు నెలనెలా వస్తుంది. పంటతో తీర్చాల్సిన అప్పును నెలజీతంతో తీర్చే అప్పులో పెట్టాను. అరవయ్యో రోజున రొయ్యలకు తెల్లమచ్చ రోగం కనిపించింది. రాత్రంతా ఏరియేటర్ల దగ్గరే కూర్చున్నాను. తెల్లారేసరికి గట్టు వెంబడి రొయ్యలు తేలుతున్నాయి. వంద కౌంటుకే, అంటే కిలోకు వంద తూగే చిన్న సైజులోనే, పట్టేశాం. వచ్చిన డబ్బు డీలరు పాత బాకీకే చాలలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర, కార్డుల మీద కనీస మొత్తం కట్టుకుంటూ పోయాను. కనీసం కడుతున్నా కదా, తప్పేం లేదనుకున్నాను. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై పైనే. ఎంత కట్టినా అసలు కదల్లేదు. గొలుసు విడిపించాను, పర్సనల్ లోను తీర్చాను, ఒక కార్డు తీర్చాను. రెండోది నా వల్ల కాలేదు. కట్టడం మానేశాను. ఫోన్లు మొదలయ్యాయి. భోజనం దగ్గర ఫోను మోగితే మీ అత్త నా ముఖం చూసేది. చివరికి ఒకతను మెత్తగా మాట్లాడాడు. 'మొత్తం లక్షా నలభై వేలు ఉందండీ. డెబ్బై కట్టేయండి, మిగతాది వదిలేస్తాం' అన్నాడు. మోటార్‌సైకిలు అమ్మి కట్టాను. ఉత్తరం పంపారు. దాంట్లో 'సెటిల్డ్' అని ఉంది. తీరిపోయిందనే అర్థం అనుకున్నాను. భీమవరం వెళ్లి మావుళ్లమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

2021లో మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. చదువు లోనుకు నేను కూడా సంతకం పెట్టాలన్నారు. మేనేజరు నా రిపోర్టు తీసి, కంప్యూటరు నా వైపు తిప్పాడు. బంగారం లోను క్లోజ్డ్. పర్సనల్ లోను క్లోజ్డ్. ఒక కార్డు క్లోజ్డ్. ఆ కింద సెటిల్డ్. 'అంటే బ్యాంకు నష్టపోయి మిమ్మల్ని వదిలేసిందని అర్థం మాస్టారూ' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పక్కన నా కూతురు ఫైలు పట్టుకుని కూర్చుంది. నాలుగు అప్పుల్లో మూడు రూపాయితో సహా తీర్చిన సంగతి ఎవరూ అడగలేదు. లోను రాలేదు. ఫీజు వేరే దారిలో కట్టాం.

తర్వాత మిగిలిన డెబ్బై వేలూ కట్టి, బాకీ లేదని కాగితం తీసుకుని, ఆ మాట మార్పించడానికి నెలలు తిరిగాను. ఇప్పుడు కాస్త నయం. రిపోర్టులో తప్పుందని మనం ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయలు మనకివ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది.

అందుకే, ఏ రకం అప్పు తెచ్చావన్నదానికన్నా అది ఎలా ముగిసిందన్నదే నాకు భయం. ఏదైనా తీరాక నో డ్యూ కాగితం తీసుకో. నెలన్నర ఆగి రిపోర్టులో క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకో. ఎప్పుడైనా ఇబ్బంది పడితే, సగానికి ఒప్పుకోకముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

ఇక నువ్వు చేయాల్సింది కొంచెమే. నీ జీతం పడే బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఒక్క కార్డు తీసుకో. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడు. కనీసం కాదు, మొత్తం బిల్లు కట్టు. ఫోను చేతిలో డబ్బుంటే కొనుక్కో, లేకపోతే పాతదే వాడు. కొన్నాళ్లు పోయాక ఇంటి లోనుకు వెళ్లు. వారంలో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకు, ప్రతి విచారణా రిపోర్టులో పడుతుంది. పాత అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్లను తిప్పి పంపొద్దని బ్యాంకులకు ఇప్పుడు చెప్పారు. కాబట్టి టెన్షన్ పడి పరిగెత్తకు. ఇంటి లోను వచ్చాక రెండు రకాలూ నీ పేరు మీద వాటంతటవే ఉంటాయి.

స్థలం మీ అమ్మ పేరు మీదుంది, ఆవిడ కూడా దరఖాస్తులో సంతకం పెట్టాల్సి ఉంటుంది. అప్పుడు ఆవిడ రిపోర్టు కూడా తీస్తారు. ముందే మీ ఇద్దరివీ తీసి చూసుకోండి. ఏడాదికోసారి ఉచితం, మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఆవిడ రిపోర్టులో 2021 ఆగస్టులో తీసుకున్న ఒక బంగారం లోను కనిపిస్తుంది. ఏమిటది అని అడుగుతావు, అందుకే నేనే చెప్తున్నాను. మా అమ్మాయి ఫీజు అది. బ్యాంకు కాదన్న రోజు సాయంత్రమే మీ అమ్మ బస్సెక్కి వచ్చి, మీ అమ్మమ్మ ఇచ్చిన గాజులు తీసి నా చేతిలో పెట్టింది. తెల్లారి తన పేరు మీదే తాకట్టు పెట్టింది. నువ్వప్పుడు డిగ్రీలో ఉన్నావు, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నేను నెలనెలా పంపిన డబ్బు ఒక్క తేదీ తప్పకుండా కట్టింది. గాజులు ఏడాది తిరక్కుండా విడిపించాం. ఆ లోను ఎదురుగా క్లోజ్డ్ అనే ఉంటుంది, చూడు.

శాంక్షను కాగితం వచ్చాక, సంతకాలు పెట్టకముందు ఫొటో తీసి పంపు. ఆదివారమైతే నేనే పాలకొల్లు వస్తాను. మీ అత్త పూతరేకులు కట్టి ఉంచింది.

మీ మావయ్య