మంగళగిరి చీర, అమ్మ ఫోను, అమ్మాయి చదువు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్ముతాను, అమెరికా నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం. రాధికా గజ్జల గారి రచనలు చదివి, ఆడవాళ్లు, టెక్నాలజీ మీద పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలంతా ఎంబీఏ చేయించమంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది మీకు బాగా తెలిసిన సంగతే. మీరు చీర మడత విప్పి, కొంగు వెలుతురులో పరిచి ఫొటో పెడతారు. అర్ధరాత్రి డల్లాస్ నుంచి ఒకావిడ "అంచు దగ్గరగా చూపించండి" అంటుంది. ఆవిడ భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్లి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న ఇంజినీరే కావచ్చు. ఇటు మంగళగిరిలో గుంట మగ్గం మీద నేతగాడు నేస్తుంటే, పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది ఇల్లాలు. చాలా ఇళ్లలో కూలీ లెక్క చీరకే, ఆమె చేతికి విడిగా ఏమీ రాదు. ఫోను వచ్చాక ఈ ముగ్గురు ఆడవాళ్లలో ఎవరికి ఏం మారింది? మీ అమ్మాయి అడుగుతున్నది అదే.

రాధిక గారు ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1999లో, అంటే వాట్సాప్ పుట్టడానికి పదేళ్ల ముందు, చేనేతకారులతో పనిచేసిన అన్నపూర్ణ మామిడిపూడి గారితో కలిసి జెండర్ అండ్ డెవలప్‌మెంట్ పత్రికలో రాశారు. ఇంటర్నెట్ చేతికి అందితే చాలు, ఆడవాళ్ల బతుకు బాగుపడుతుందన్న నమ్మకాన్ని చేనేత అనుభవంతో కలిపి నిలదీశారు. మన నేలకు ఇంత దగ్గరి చదువును ఉత్తి కాలక్షేపమని ఎలా అంటాం?

ఇక ఉద్యోగం. క్యాంపస్ ప్లేస్‌మెంట్ మీద ఆశతో ఈ దారికి రావద్దు, మొదట్లో జీతం కూడా తక్కువే. అధ్యాపక వృత్తి, స్వచ్ఛంద సంస్థలు, జర్నలిజం, యాప్‌లు వాడేవాళ్లతో మాట్లాడి లోటుపాట్లు కనిపెట్టే యూజర్ రీసెర్చ్, ఇవీ దారులు. అధ్యాపకులకు, పరిశోధకులకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విమెన్ స్టడీస్ ఒక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. నెట్‌కు పీజీలో 55 శాతం మార్కులుండాలి, రిజర్వుడు వర్గాలకు 50.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ సబ్జెక్టులో మాస్టర్స్ కోసం ఇల్లు తాకట్టు పెట్టి అమెరికా పంపకండి. ఇక్కడ సెంట్రల్ యూనివర్సిటీలో అయితే తక్కువ ఫీజుతో ఎంఏ అవుతుంది, దానికి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. తిరుపతి మహిళా యూనివర్సిటీకి అయితే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్. అమెరికా వెళ్లాలనుంటే పీహెచ్‌డీకి వెళ్లనివ్వండి. అక్కడ చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి, పాఠం చెప్పించుకుని స్టైపెండ్ ఇస్తాయి. ఈలోగా స్టాటిస్టిక్స్ కొంచెం నేర్చుకోమనండి, అది లేక వెనకబడిన పిల్లల్ని చూశాను.

అప్లికేషన్లకు ముందు ఒక పని చేయించండి. మీకు చీరలిచ్చే పది ఇళ్లకు ఆమెను తీసుకెళ్లండి. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, బేరం ఎవరు మాట్లాడతారు అని ఆమెనే అడగనివ్వండి. ఎండలో గంటలు గంటలు కూర్చుని వినే ఓపిక ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. విన్నదంతా ఇరవై పేజీలు తెలుగులో రాయమనండి. ముందు మీరు చదివి, తప్పులుంటే చెప్పి, తర్వాత నాకు పంపండి.